పట్టపగలు వేగుచుక్క

కొత్తగా సైన్సు ఉపాధ్యాయులుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మార్కాపురంలో మా ఇంటికి వస్తుంటారు. బడికిచ్చిన టెలిస్కోపు పెట్టెలోనే పడి ఉంది, ఎట్లా బిగించాలి సార్ అని అడుగుతారు. శని వలయాలు ఏ నెలల్లో బాగా కనిపిస్తాయి, ఉల్కలు రాలే రోజుల్లో పిల్లల్ని ఎన్ని గంటలకు రమ్మనాలి అని అడుగుతారు. తెలిసినంతవరకు చెబుతాను. వెళ్ళేముందు ఒకరిద్దరు కాళ్ళకు దండం పెట్టబోతారు. నేను చటుక్కున వెనక్కి జరుగుతాను. వినయం అనుకుంటారు. వినయం కాదు. ఈ ఉద్యోగంలో మీరింకా చాలా ఏళ్ళు ఉండాల్సినవాళ్ళు. అందుకని అసలు సంగతి రాస్తున్నాను.

మా బడి మార్కాపురానికి బస్సులో అరగంట దూరం. చుట్టూ పలకల గనులు, పలకలు కోసే షెడ్లు. గాలి వీచిందంటే బల్లల మీద బూడిదరంగు పొడి పేరుకునేది. ఆ బడికి ఒక టెలిస్కోపు వచ్చింది. దాన్ని ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే నేను తీసుకున్నాను. ఒక ఏడాదిలో నా పేరే మారిపోయింది. ఊళ్ళో అందరికీ నేను చుక్కల సారును. బడి మేడ మీద గురుగ్రహం చుట్టూ ఉండే నాలుగు ఉపగ్రహాలు చూపిస్తే పిల్లల వెనక తల్లులు కూడా వరసలో నిలబడేవారు. పేపరు జిల్లా పేజీలో రెండుసార్లు నా ఫోటో పడింది. ఆ ముక్కలు కత్తిరించి బీరువా తలుపు లోపలివైపు అంటించుకున్నాను. బీరువా తీసినప్పుడల్లా నన్ను నేను చూసుకునేవాణ్ణి.

మా బడిలో ఒక అటెండరు ఉండేవాడు. పొడుగాటి మనిషి, మాట తక్కువ. నల్లమల కిందున్న ఒక పల్లె వాళ్ళది. చిన్నప్పుడు ఐదో తరగతితో బడి మానేసి ఇరవై ఏళ్ళు వచ్చేదాకా గొర్రెలు కాశాడు. ఆ తరువాత ఎట్లాగో ఈ ఉద్యోగం దొరికింది. గంట కొట్టడం, నోటీసులు అంటించడం, మాకు టీ తేవడం అతని పనులు. చేతికి గడియారం ఉండేది కాదు. గంట మాత్రం తప్పేది కాదు.

ఒక డిసెంబరులో ఉల్కలు చూడ్డానికి పిల్లల్ని రాత్రి ఏడింటికే మేడ మీదికి రమ్మన్నాను. తొమ్మిదయినా మూడంటే మూడు రాలాయి. పిల్లలు ఆవలిస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు ఆ అటెండరు నా పక్కకు వచ్చి మెల్లిగా అన్నాడు.

"ఇప్పుడే రాలవు సార్. ఆ జంట చుక్కలు నడినెత్తికి రావాల. అప్పుడు చూడండి. అందాకా వీళ్ళను నేను కూసోబెట్టుకుంటా."

పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని గొర్రెల మందల కథలు చెప్పాడు. వేలు చూపించి ఇది పిల్లలకోడి, అది గొల్లకావిడి అని చుక్కల గుంపుల పేర్లు చెప్పాడు. అర్ధరాత్రి దాటాక ఉల్కలు రాలడం మొదలయింది. పిల్లలు లెక్కపెట్టలేక వదిలేశారు. ఆ పేర్లన్నీ నేను ఒక కాగితం మీద రాసుకున్నాను. తరువాత ఒంగోలులో ఒక ఉపాధ్యాయుల సమావేశంలో, మన పల్లెల్లో చుక్కలకు ఉన్న పేర్లు అని అరగంట మాట్లాడాను. ఎవరి దగ్గర విన్నానో చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు.

అతని కూతురు మా బడిలోనే తొమ్మిదో తరగతి చదువుతుండేది. ఆ ఏడు జిల్లా సైన్సు పోటీకి ఒక పని పెట్టారు. పిల్లలు నెల రోజులు ఆకాశం చూసి, చూసింది చూసినట్టు నోటుబుక్కులో రాయాలి. బడి నుంచి ఒక్కరి పుస్తకమే పంపాలి. పదిమంది ఇచ్చారు. తొమ్మిది పుస్తకాల్లో అక్కడా ఇక్కడా చూసి రాసిన వాక్యాలే. ఈ పిల్ల పుస్తకం వేరుగా ఉంది. పెన్సిలుతో సెల్ టవరు గీసి, తెల్లవారుజామున వేగుచుక్క, అంటే శుక్రగ్రహం, టవరుకు ఎంత ఎత్తులో ఉందో రోజూ బొమ్మ వేసింది. మబ్బు పట్టిన రోజు 'మబ్బు, కనపడలేదు' అని రాసి ఊరుకుంది. చదువుతుంటే నాకు ముచ్చటేసింది. చివరికి వచ్చేసరికి ఒక పేజీలో ఇట్లా ఉంది. 'ఉదయం పది గంటలు. ఇంటర్వెల్. చంద్రుడు సన్నగా ఉన్నాడు. చంద్రుడి పక్కన వేగుచుక్క కనపడింది. తెల్లగా, చిన్నగా.' ఆ తరువాతి పేజీలో అన్నం బెల్లుకు కూడా కనపడిందని ఉంది.

మీకు ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో నేను ఊరూరా తిరిగి మూఢనమ్మకాల మీద మాట్లాడేవాణ్ణి. లోతు బావిలో దిగి చూస్తే పగలు కూడా నక్షత్రాలు కనిపిస్తాయని జనం అంటారు, అది అబద్ధం అని ప్రతి సభలోనూ చెప్పేవాణ్ణి. అది అబద్ధమే. కానీ శుక్రుడు నక్షత్రం కాదు. ఏ నక్షత్రమూ దానంత వెలుగుతో ఉండదు. ఎక్కడ చూడాలో తెలిస్తే ఎండలో కూడా మామూలు కంటికి కనిపిస్తుంది. ఇది నాకు తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలియదేమో అన్న అనుమానం కూడా రాకపోవడం నా తప్పు.

బుధవారం పొద్దున ప్రార్థన అయ్యాక ఆ పుస్తకం పట్టుకుని పిల్లలందరి ముందూ నిలబడ్డాను. సైన్సులో కల్పనలు రాయకూడదని చెప్పాలనుకున్నాను. పిల్లను ముందుకు పిలిచి ఆ పేజీ పైకి చదివాను. అందరూ నవ్వారు.

"ఇది నువ్వు చూసినావా?" అన్నాను.

"చూసినా సార్."

"అయితే చూపించు."

ఆ పిల్ల తల ఎత్తి, కళ్ళు చికిలించి, జెండా కర్ర పైకి వెతికింది. ఆ రోజుకు చంద్రుడు అక్కడ లేడు. చంద్రుడు పక్కన ఉంటే చూపు నిలుస్తుంది, లేకపోతే ఉత్త నీలం మీద కన్ను జారిపోతుంది. ఇదీ నాకు తరువాత తెలిసిందే. కాసేపటికి ఆమె వేలు పైకి చూపింది. నేను ఒక్క క్షణం చూసి "ఏదీ?" అన్నాను. వెనక వరసలో ఒకరిద్దరు "అదో సార్, ఉంది సార్" అన్నారు. నోరు మూసుకోమన్నాను.

"నాయన చూపిచ్చినాడు సార్," అంది ఆ పిల్ల. అప్పటికింకా ఏడవలేదు.

అటెండరు గంట దగ్గర నిలబడి ఉన్నాడు. రమ్మన్నాను. చేతిలో గంట కొట్టే ఇనపకడ్డీతోనే వచ్చాడు.

"ఏమయ్యా, బిడ్డకు పట్టపగలే చుక్కలు చూపిస్తున్నావంట," అన్నాను. ఆ మాటకు పిల్లలే కాదు, ఉపాధ్యాయులు కూడా పగలబడి నవ్వారు. లెక్కల మాస్టారయితే కళ్ళు తుడుచుకున్నాడు. నా చమత్కారానికి నాకే సంతోషం కలిగింది.

అతను నవ్వు ఆగేదాకా ఆగాడు. "చుక్కలు కాద్సార్. ఒకటే. వేగుచుక్క. గొర్రెల కాడ ఉన్నప్పుడు రోజూ చూసేవాళ్ళం. తెల్లారినాక కూడా చూపు తిప్పకుండా దాని ఎంబడే పోతే మధ్యాన్నం దాకా కనపడుద్ది."

"నువ్వు ఎంతవరకు చదివినావు?"

"ఐదు సార్."

"నేను ఎమ్మెస్సీ."

అక్కడితో ఆగి ఉంటే కూడా కొంత నయం. నేను ఆగలేదు. ఆ పిల్ల నా మాట కన్నా తండ్రి మాట నమ్ముతోందని నాకు కోపం వచ్చింది. "ఇట్లాంటి అబద్ధాలు రాసిన పుస్తకం పంపిస్తే బడి పరువు పోతుంది. అది నిజం కాదని నీ కూతురికి నువ్వే చెప్పు. అందరి ముందూ చెప్పు," అన్నాను.

హెడ్మాస్టరు నేల చూస్తున్నాడు. తెలుగు మేడం "పోనీలే సార్, చిన్నపిల్ల" అంది. నేను వినలేదు.

అతను ఇనపకడ్డీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. కూతురి వైపు తిరిగాడు. "సారు చెప్పింది నిజమమ్మా. చదువుకున్నోళ్ళు గదా. నా కండ్లే మసకేసినయ్యేమో. ఉన్నట్టు అనిపించింటది," అన్నాడు.

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. నేను ఆ పేజీ మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టి పుస్తకం తిరిగి ఇచ్చాను. అతను పోయి గంట కొట్టాడు. అందరం క్లాసులకు వెళ్ళాం.

అయితే అతని మాట ఒకటి నాలో ఉండిపోయింది. చూపు తిప్పకుండా దాని వెంబడే పోతే కనిపిస్తుందన్న మాట. ఆదివారం తెల్లవారుజామున మా మేడ మీద టెలిస్కోపు బిగించి శుక్రుణ్ణి పట్టుకున్నాను. అతను చెప్పింది తప్పని తేల్చుకోవడానికే. సూర్యుడు వచ్చాడు. శుక్రుడు పోలేదు. ఏడయింది, ఎనిమిదయింది. గొట్టాన్ని కొంచెం కొంచెం జరుపుతూ పోయాను. నీలం ఆకాశంలో, అర్ధచంద్రుడిలా తెల్లగా అట్లాగే ఉంది. తొమ్మిది దాటాక కన్ను తీసి, గొట్టం చూపిస్తున్న వైపే ఉత్త కంటితో చూశాను. ఉంది. సూదిమొనంత. ఒకసారి కనిపించాక ఇంక దాచలేనంత స్పష్టంగా ఉంది.

నా భార్య కాఫీ తీసుకుని పైకి వచ్చింది. "ఎండలో ఏంది చూస్తున్నారు?" అని అడిగింది.

"ఏం లేదు," అన్నాను.

పోటీకి పుస్తకం పంపడానికి మంగళవారం దాకా గడువుంది. సోమవారం పొద్దున చెప్పేద్దామనే బడికి వెళ్ళాను. దారిలో మాటలు కూడా కూడబెట్టుకున్నాను. స్టాఫ్ రూములో అడుగు పెట్టానో లేదో లెక్కల మాస్టారు "రండి రండి, పట్టపగలు చుక్కల కేసు ఏమయింది?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో నోరు మూతపడింది. ఇంటర్వెల్లో చెబుదామనుకున్నాను, సాయంత్రం చెబుదామనుకున్నాను. అటెండరు ఎప్పటిలాగే టీ తెచ్చి నా ముందు పెట్టాడు. మిగతా పుస్తకాలు పంపదగ్గవి కావని, మంగళవారం ఇంకో పిల్లవాడు చేసిన థర్మోకోలు సౌరకుటుంబాన్ని పోటీకి పంపించాను. నియమాల ప్రకారం అది పోటీకి పనికిరాదు. పనికిరాదనే తిరిగి వచ్చింది.

కొన్ని నెలలకు శుక్రుడు సూర్యుడి వెనక్కి వెళ్ళిపోయాడు. చూపిద్దామన్నా ఇప్పుడు లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ పిల్ల పదో తరగతిలో నా పాఠాలు తల వంచుకుని రాసుకుంది. ఒక్క ప్రశ్న అడగలేదు. మంచి మార్కులే వచ్చాయి. ఇంటర్లో సైన్సు వద్దని కామర్సు తీసుకుందని విన్నాను. విననట్టే ఉన్నాను.

తరువాత నాకు కనిగిరి వైపు బదిలీ అయింది. కొత్త బడి, కొత్త పిల్లలు. నా వెనకటి సంగతి ఎవరికీ తెలియదు. ఒక ఏడాది శుక్రుడు మళ్ళీ బాగా పైకి వచ్చాడు. పక్కన నెలవంక ఉన్న రోజు చూసుకుని, పదింటికి పిల్లలందరినీ ఆటస్థలంలో నిలబెట్టి చూపించాను. కేకలు, చప్పట్లు. పేపరువాళ్ళు వచ్చారు. పట్టపగలు శుక్రుణ్ణి చూపిన ఉపాధ్యాయుడు అని ఫోటోతో వేశారు. ఇది ఎట్లా తెలిసింది సార్ అని విలేకరి అడిగితే, "ఎన్నో ఏళ్ళుగా పరిశీలిస్తున్నాను," అన్నాను. ఈ వాక్యం రాయడానికి ఇప్పుడు నా చేయి రావడం లేదు. అప్పుడు మాత్రం నోరు బాగానే వచ్చింది.

రెండు రోజులకు పాత బడి నుంచి లెక్కల మాస్టారు ఫోను చేశాడు. అభినందనలు చెప్పి, "మీ పేపరు ముక్క మన నోటీసు బోర్డుకు పెట్టించినాడు హెడ్మాస్టరు. అంటించింది ఎవరనుకున్నారు, మన అటెండరే. అంటించి అక్కడే నిలబడి రెండుసార్లు చదివినాడు," అన్నాడు.

"ఏమన్నా అన్నాడా?"

"ఆయన ఏమంటాడు. మూలలు లేవకుండా ఇంకో రెండు పిన్నులు కొట్టినాడు."

మరుసటి రోజు మార్కాపురం బస్సు వేళలు కనుక్కున్నాను. అయినా వెళ్ళలేదు. పదవీ విరమణ అయి, సన్మానాలు అయి, శాలువాలన్నీ ట్రంకు పెట్టెలో సర్దేశాక, పోయిన వేసవిలో వెళ్ళాను. అతనూ అప్పటికి ఉద్యోగం దిగిపోయాడు. నల్లమల కింద వాళ్ళ పల్లెలో రేకుల ఇంటి ముందు మంచం మీద కూర్చుని చేట అల్లుతున్నాడు. నన్ను చూసి గబగబా లేచి మంచం దులిపాడు. మజ్జిగ ఇచ్చాడు.

గ్లాసు పక్కన పెట్టి మొత్తం చెప్పాను. ఆదివారం చూశానని, సోమవారం చెప్పలేకపోయానని, కనిగిరి దగ్గర చేసింది కూడా చెప్పాను. అతను చేట పక్కన పెట్టలేదు. వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి.

"తెలుసు సార్," అన్నాడు.

"పేపరు చూసి తెలుసుకున్నావా?"

"కాద్సార్. ఆ సోమారమే. ప్రతిజ్ఞ చదివేటప్పుడు మీరు తలెత్తినారు. ఎతకలా. నేరుగా అది ఉన్నకాడికే చూసినారు. చూసి మళ్ళా తల దించుకున్నారు. ఓహో, సారు చూసినాడు అనుకున్నా."

"మరి నన్ను అడగలేదేంది?" అన్నాను.

"ఏమని అడగాల సార్. పిల్ల ఇంకా ఏడాదిన్నర మీ కాడ చదవాల." ఇంకో బద్ద చేటలోకి దూర్చి, "మీరే చెప్తారని చూసినా. నాకు కాదు, దానికి," అన్నాడు.

ఆ పిల్ల ఎక్కడుందని అడిగాను. గిద్దలూరు బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం పెట్టుకుంది, ఆధార్ మార్పులు, ఆన్‌లైన్ దరఖాస్తులు చేస్తుందని చెప్పాడు. అడ్రసు చెప్పాడు కానీ, నేను వస్తున్నట్టు ముందుగా ఫోను చేస్తానని మాత్రం అనలేదు. నేనూ చేయమనలేదు.

మధ్యాహ్నానికి గిద్దలూరు చేరాను. చిన్న దుకాణం. కౌంటరు వెనక కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. గుర్తుపట్టి లేచి నిలబడింది. ముందు ఉన్న మనిషి పని ముగించి పంపించి, "ఏం కావాల సార్?" అంది. ఏదో సర్టిఫికెట్టు కోసం వచ్చాననుకుంది.

నిలబడే చెప్పాను. ఆ పేజీ నిజమని, నాలుగు రోజులకే నాకు తెలిసిందని చెప్పాను. అయ్యాక ఆమె కౌంటరు మీది కాగితాలు సర్దుతూ మాట్లాడింది.

"మీరు అబద్ధం అన్నందుకు నాకేం కాలేదు సార్. సార్లు అంటానే ఉంటారు. మా నాయన అన్నాడు చూడండి, నా కండ్లు మసకేసినయ్ అని. అది నమ్మినా నేను. నా కండ్లతో నేను చూసినా కూడా చూడలేదేమో అనుకున్నా. ఆ తర్వాత ఆయన ఏది చూపించినా తల ఎత్తలా. ఆయన కూడా చూపించడం మానుకున్నాడు."

"ఆయన తప్పేం లేదమ్మా. నేను ఆయన చేత..."

"నాయనకు చెప్పినారా?"

"ఇప్పుడే చెప్పి వస్తున్నా."

"ఏమన్నాడు?"

"ఆ సోమవారం నుంచే తెలుసన్నాడు. నేను తల ఎత్తిన తీరు చూసి తెలిసిందంట. నువ్వు నా దగ్గర చదవాలి కాబట్టి ఊరుకున్నాడు."

కాగితాలు సర్దే చేతులు ఆగాయి. బయట హైదరాబాదు బస్సు హారన్ కొడుతోంది.

"ఇన్నేండ్లు నాకు కూడా చెప్పలేదు," అంది చివరికి. నాతో కాదు.

తరువాత నా వైపు సూటిగా చూసింది. "అందరి ముందర అన్నారు గద్సార్. అందరి ముందర చెప్పండి."

"వాళ్ళంతా ఎక్కడెక్కడ ఉన్నారో..."

"మా బ్యాచి వాట్సాప్ గ్రూపు ఉంది." ఫోను తీసి నా నోటి ముందు పట్టుకుంది. "మాట్లాడండి, నేను పెడతా."

జీవితమంతా మైకుల ముందు మాట్లాడినవాణ్ణి. మొదటిసారి, "శుక్రగ్రహం యొక్క కాంతి తీవ్రత చాలా ఎక్కువ కాబట్టి" అని మొదలుపెట్టాను. ఆమె ఫోను దించేసింది. "అది వద్దు సార్. జరిగింది చెప్పండి."

రెండోసారి సగంలో ఆపి, మళ్ళీ మొదలుపెడతానన్నాను. మూడోసారి చెప్పాను. నేను మీ ఫిజిక్స్ సారును. మీరు తొమ్మిదిలో ఉన్నప్పుడు ప్రార్థన దగ్గర ఒక అమ్మాయిని అబద్ధం రాసిందని అన్నాను. ఆమె రాసింది నిజం. వాళ్ళ నాయన చెప్పింది నిజం. తెలియనివాణ్ణి నేను. నాలుగు రోజులకే తెలుసుకున్నాను, తెలిసీ దాచాను. ఆయన చేత ఆయన కూతురికే అబద్ధం చెప్పించాను. నన్ను క్షమించండి.

అంతే. నిమిషం కూడా లేదు. ఆమె ఒకసారి విని గ్రూపులో పెట్టింది. కాసేపటికే జవాబులు వచ్చాయి. నాకు చదివి వినిపించింది. ఒకడు నమస్కారం బొమ్మ పెట్టాడు. ఇద్దరు సార్ బాగున్నారా అని అడిగారు. ఒకామె, ఇట్లాంటిది జరిగినట్టు నాకు గుర్తే లేదు సార్ అని రాసింది. థర్మోకోలు పిల్లవాడు దుబాయి నుంచి, అది నేను చేయలేదు సార్, మా మామ చేసిచ్చినాడు అని రాశాడు.

నేను వస్తానమ్మా అన్నాను. ఆమె తల ఊపింది. క్షమించాననీ అనలేదు, పోనీలే సార్ అనీ అనలేదు. అనకపోవడమే మేలు. అని ఉంటే ఇంటికి పోయి అది కూడా పదిమందికి చెప్పుకునేవాణ్ణి.

మార్కాపురం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. అక్కడి నుంచి ఆమె దుకాణం కనిపిస్తోంది. కౌంటరు ముందు ఒక ముసలాయన ఆధార్ కార్డు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఒక నిమిషం ఆగమన్నట్టు అతనికి చేయి చూపించి, ఫోను మీద ఒకసారి వేలు నొక్కి, చెవికి ఆనించుకుని, పెదవి కదపకుండా నా మాటలు మళ్ళీ మొదటి నుంచి వింటోంది.